సౌండు బాక్సును దేనితో చేయాలి?

ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ మా తొమ్మిదవ తరగతి వంతు వచ్చింది. మాకు ధ్వని పాఠం అయిపోయింది. కంపనం, పౌనఃపున్యం, ప్రతిధ్వని అన్నీ చదివినం. కానీ మనం రోజూ వినే సౌండు బాక్సు గురించి చాలా విషయాలు పాఠంలో లేవు. పొద్దున ప్రార్థన దాంట్లోనే వింటం. పేర్లు దాంట్లోనే పిలుస్తరు. ఊర్లో పెండ్లయినా, దండారి అయినా సౌండు బాక్సు రావాల్సిందే. అందుకని సైన్సు సారును అడిగి, లైబ్రరీలో చదివి, ల్యాబులో చేసి చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగుంది. ఓపికగా చదవండి.

చాలామంది శబ్దం అంతా స్పీకరులోనే ఉంటదనుకుంటరు. పెట్టె అంటే స్పీకరుకు తొడిగిన అంగీ లాంటిది, అందం కోసం పెడతరు అనుకుంటరు. నిజానికి మాట తేటగా వినపడుతదా, లేదా అన్నది పెట్టె మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. పెట్టెను దేనితో చేసినరు, ఎంత మందంతో చేసినరు, ఎట్లా బిగించినరు అనేవి ముఖ్యం.

1. స్పీకరుకు పెట్టె ఎందుకు?

పాత రేడియో స్పీకరు ఒకటి చేతిలో పట్టుకొని చూడండి. వెనక అయస్కాంతం ఉంటది. దాని నడుమ సన్నని తీగచుట్ట ఉంటది. ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటును కోను అంటరు. తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే అయస్కాంతం దాన్ని ముందుకు తోస్తది, వెనక్కు లాగుతది. దాంతోపాటు కోను ఊగుతది. కోను గాలిని ఊపుతది. ఆ ఊపే మన చెవికి వచ్చి శబ్దం అయితది. ఇట్లాంటి స్పీకరు గురించి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో వివరంగా రాశారు. ఈ రోజుకూ ఎక్కువ స్పీకర్లు ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నయి.

ఇప్పుడు ఒక చిక్కు ఉంది. కోను ముందుకు పోయినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అది సంపీడనం. అదే క్షణంలో వెనకున్న గాలి పలుచబడుతుంది. అది విరళీకరణం. ఈ రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేస్తయి. లెక్కల్లో +5, −5 కలిపితే 0 వచ్చినట్టే.

అన్ని శబ్దాలు ఇట్లా పోవు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతది. 100 హెర్ట్జ్ లావు శబ్దం తరంగదైర్ఘ్యం 340 ÷ 100 = 3.4 మీటర్లు. అంత పెద్ద తరంగానికి జానెడు స్పీకరు అడ్డమే కాదు. వెనక శబ్దం చుట్టూ తిరిగి ముందుకు వచ్చేస్తది. 5000 హెర్ట్జ్ సన్న శబ్దం తరంగదైర్ఘ్యం 6.8 సెంటీమీటర్లే. అది ఎక్కువగా ఎటు పోయేది అటే పోతది. అందుకే పెట్టె లేని స్పీకరు సన్నగా, పీలగా అరుస్తది.

చేసి చూడండి: పెద్ద అట్టముక్క తీసుకొని నడుమ స్పీకరు అంత బొక్క కోయండి. పాట వస్తుండగా స్పీకరును బొక్కకు ఆనించి పట్టుకోండి. వెంటనే డోలు దెబ్బ లావుగా వినపడుతది. తీసేస్తే పోతది. అట్ట చేసిన పని ఒక్కటే. ముందు గాలిని, వెనక గాలిని కలవనీయలేదు. పెట్టె పని మొదట ఇదే.

2. పెట్టె కూడా పాడుతది

పెట్టె లోపల గాలి ఊగుతుంటే అది గోడలను కూడా తోస్తది. స్పీకరు బిగించిన పలక కూడా అదురుతది. గోడ ఎంత కొంచెం కదిలినా దాని వైశాల్యం కోను కన్నా చాలా ఎక్కువ. అందుకని ఆ కొంచెం కదలిక కూడా శబ్దం అయి వినపడుతది. అంటే మనం స్పీకరు ఒక్కదాన్నే వింటలేము. ఆరు పలకలను కూడా వింటున్నం.

ప్రతి పలకకు సొంత పౌనఃపున్యాలు ఉంటయి. ఉయ్యాలను దాని సమయం చూసి నెడితే చిన్న తోపుకే పెద్దగా ఊగుతది కదా. అట్లాగే పాటలో గానీ మాటలో గానీ పలక సొంత పౌనఃపున్యం వచ్చినప్పుడు పలక బాగా మోగుతది. దీన్నే అనునాదం అంటరు. స్పీకరు ఆగిన తరువాత కూడా పలక కొంచెం సేపు మోగుతనే ఉంటది. ఆ మోత తరువాత వచ్చే అక్షరం మీద పడుతది.

ఇక్కడ ఒక సంగతి నాకు బాగా నచ్చింది. దీపావళికి దండారి ఆడినప్పుడు డోలు, తుడుం, పెప్రె మోగుతయి. డోలు చేసేటాయన మంచిగ మోగే కట్టె చూసి తీసుకుంటడు. బొబ్బిలి వీణను పనస కట్టెతో చేస్తరు. వీణ కట్టె తీగతో పాటు మోగాలి. మోగకపోతే అది వీణ కాదు. సౌండు బాక్సుది దీనికి ఉల్టా. అది తన సొంత స్వరం కలపకూడదు. డోలు వచ్చినప్పుడు డోలు లాగ, పెప్రె వచ్చినప్పుడు పెప్రె లాగ, సారు మాట్లాడినప్పుడు సారు లాగ వినపడాలి. అన్నింటికీ తన మోత కలిపితే అది చెడ్డ పెట్టె.

3. మాట ఎక్కడ పోతది?

మగవారి గొంతు మూల స్వరం సుమారు 120 హెర్ట్జ్ దగ్గర ఉంటది. ఆడవారిది సుమారు 200 హెర్ట్జ్ దగ్గర ఉంటది. గొంతుకు బలం ఇచ్చేది ఈ కింది భాగం. కానీ క, త, ప, స, శ లాంటి హల్లులను గుర్తుపట్టించే శబ్దం చాలావరకు పైన, 2000 హెర్ట్జ్ నుండి ఇంకా పైదాకా ఉంటది. అది చాలా మెల్లని శబ్దం. ‘పప్పు, కప్పు, తప్పు’ మూడింటికీ తేడా మొదటి హల్లు ఒక్కటే.

పలుచని గోడల పెట్టె చాలాసార్లు 150 నుండి 400 హెర్ట్జ్ నడుమ మోగుతది. అంటే సరిగ్గా మనిషి గొంతు ఉన్న చోటనే. కింది శబ్దం పెద్దగా ఉంటే అది పై శబ్దాన్ని చెవిలో కప్పేస్తది. అప్పుడు శబ్దం పెద్దగానే వస్తది, మాట మాత్రం తెలవదు. వాల్యూము పెంచితే మోత కూడా పెరుగుతది.

మన దగ్గర పేర్లు చూడండి. సోంబాయి, భీంబాయి, రాంబాయి. హాలులో పేరు పిలిస్తే వెనక వరుసలో ‘...ంబాయి’ అని మాత్రమే వినపడేది. ముగ్గురు లేచి నిలబడేవాళ్లు, లేకుంటే ఒక్కరూ లేచేవాళ్లు కాదు. అందరం నవ్వేవాళ్లం. కానీ రక్త పరీక్షకు పిలిచే పేరు, మాత్ర ‘తిన్నాక వేసుకోండి’, ‘తినకముందు వేసుకోండి’ అనే మాట అట్లా పోతే నవ్వే సంగతి కాదు.

ఐదవ తరగతికి కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు ఇది ఇంకా కష్టం. ఇంట్లో గోండి గానీ, కొలామి గానీ మాట్లాడి వస్తరు. తెలుగు బాగా వచ్చినవాళ్లకు సగం మాట వినపడినా మిగతా సగం మనసులో నింపుకుంటరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అట్లా నింపుకోవడం రాదు. ప్రతి అక్షరం చెవిన పడాలి. పడకపోతే ‘ఈ పిల్లకు తెలుగు రాదు’ అంటరు.

4. పెట్టెకు కావాల్సిన మూడు గుణాలు

మొదటిది బరువు. బరువైన గోడను ఊపడం కష్టం.

రెండవది బిగువు. అంటే వంగకుండా ఉండడం. పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం 2 రెట్లు చేస్తే బిగువు 2 × 2 × 2 = 8 రెట్లు అయితది. 12 మిల్లీమీటర్ల పలక బదులు 18 మిల్లీమీటర్ల పలక పెడితే మందం 1.5 రెట్లు. బిగువు 1.5 × 1.5 × 1.5 = 3.375 రెట్లు. బరువు మాత్రం 1.5 రెట్లే పెరుగుతది. అందుకే మందం చాలా ముఖ్యం.

మూడవది కంపనాన్ని చంపే గుణం. స్టీలు పళ్లెం కింద పడితే చాలా సేపు మోగుతది. వేలు పెడితే ఆగిపోతది. చెక్క పీట పడితే ‘టక్’ అని వెంటనే ఆగుతది. స్టీలులో కంపనాన్ని చంపే గుణం తక్కువ. చెక్కలో ఎక్కువ. కంపనం చచ్చిపోవడమంటే దాని శక్తి లోపల రాపిడితో వేడిగా మారిపోవడమే.

బరువు ఒక్కటి చూసి ‘ఇది మంచి బాక్సు’ అనడం సరికాదు. గుడి గంట మస్తు బరువుంటది, మస్తు బిగువుంటది. కానీ ఎంతసేపు మోగుతదో మనకు తెలుసు. మూడూ కలిసి రావాలి.

5. ఏ వస్తువు ఎట్లాంటిది?

టేకు కట్టె: మన ఆదిలాబాద్ అడవుల్లో పేరున్న చెట్టు. చూడ చక్కగ ఉంటది. కానీ ఏ కట్టె అయినా వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతది, ఎండాకాలం కుంచించుకుపోతది. పెద్ద పలకలు వంగుతయి, కీళ్లు విడుస్తయి. అందుకని పెద్ద బాక్సుకు నిండు కట్టె కన్నా పలకలుగా చేసిన చెక్క నయం.

ప్లైవుడ్: పలుచని చెక్క పొరలను ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టి జిగురుతో అతికిస్తరు. అందుకే ఎటూ సులువుగా వంగదు. బరువు కొంచెం తక్కువ, స్క్రూలు గట్టిగా పడతయి. ఊరూరు తిప్పే బాక్సులకు ఇది మంచిది. లోపలి పొరల్లో ఖాళీలు ఉన్న నాసి రకమైతే గరగరమంటది.

ఎం.డి.ఎఫ్.: కట్టెను నారగా చేసి, జిగురు కలిపి, వేడితో నొక్కి పలక చేస్తరు. ఘనపు మీటరుకు సుమారు 700 నుండి 800 కిలోలు బరువుంటది. అంతటా ఒకే తీరుగా ఉంటది. మోత తక్కువ. అందుకే ఇండ్లల్లో పెట్టుకునే బాక్సులు చాలా వరకు దీనితోనే చేస్తరు. నీళ్లు తగిలితే ఉబ్బుతది. కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి గుడ్డ కట్టుకోవాలి.

పార్టికల్ బోర్డు: కట్టె ముక్కలు, జిగురు కలిపి నొక్కినది. ధర తక్కువ. మోతను బాగానే చంపుతది. కానీ అంచులు పొడి రాలుతయి, స్క్రూలు వదులైతయి, తేమకు పాడైతది.

ప్లాస్టిక్: ఎట్లాంటి ఆకారమైనా పోయవచ్చు. లోపల గట్లు గట్లుగా పోస్తే బిగువు వస్తది. చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలా వరకు దీనివే. పలుచగా, గట్లు లేకుండా ఉంటే మాత్రం వాల్యూము పెంచంగనే గిరగిర అంటది.

రేకు: బిగువుంటది గానీ గంటలాగ మోగుతది. లోపల వేరే వస్తువు అతికించి మోత చంపాలి. చెట్టుకు కట్టే గరాటు మైకు కూడా లోహందే. దాని గరాటు ఆకారం వల్ల మాట దూరం పోతది గానీ లావు శబ్దం రాదు.

ఇసుక: ఇది చదివి నాకు మస్తు ఆశ్చర్యమైంది. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన రెండు ప్లైవుడ్ పలకల నడుమ ఎండు ఇసుక పోసి బాక్సులు చేయించాడు. పలక ఊగితే ఇసుక రవ్వలు ఒకదానికొకటి రాసుకుంటయి. ఊపు అక్కడనే చచ్చిపోతది. మన వాగు ఇసుక కూడా ఎండబెడితే అదే పని చేస్తది.

6. పలుచని గోడలతో కూడా చేసినరు

బరువు ఒక్కటే చాలదు అనడానికి ఇంకో ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో బీబీసీ రేడియో ఇంజనీర్లు 1970లలో ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న బాక్సు తయారుచేసినరు. బయట నుండి ప్రసారం చేసే వ్యానులో శబ్దం సరిగా ఉందా అని వినడానికి దాన్ని వాడేవాళ్లు. దాని గోడలు 12 మిల్లీమీటర్ల బర్చి ప్లైవుడ్. అంత మందం కాదు. కానీ లోపల కంపనాన్ని చంపే మెత్తని బరువైన పలకలు అతికించారు. 1977లో బీబీసీకి చెందిన హార్వుడ్, మాథ్యూస్ బాక్సు గోడల గురించి ఒక నివేదిక రాశారు. గోడను ఊరికే మందం చేస్తే మోత పై పౌనఃపున్యానికి పోతది. అక్కడ చెవి ఇంకా చురుకుగా ఉంటది. అందుకని పలుచని గోడకు లోపల బాగా మోత చంపే పొర వేయడం మేలు అని వాళ్లు తేల్చారు. బాక్సు మంచిదా కాదా అని చూడడానికి బీబీసీవాళ్లు మనిషి మాటనే ఎక్కువగా వాడేవాళ్లు. తెలిసిన మనిషి గొంతు మారితే మన చెవికి వెంటనే తెలిసిపోతది.

ఇంకొందరు మందపాటి గోడలు పెట్టి, నడుమ అడ్డకట్టెలు బిగించి చేస్తరు. రెండు దారులూ సరైనవే. పలుచగా ఉండి, అడ్డకట్టె లేక, లోపల పొర కూడా లేని పెట్టెనే సరైనది కాదు.

7. లోపలి గాలి

గోడలతో పని అయిపోదు. లోపల గాలి కూడా మోగుతది. ఎదురెదురు గోడల నడుమ 50 సెంటీమీటర్లు ఉంటే శబ్దం అటూ ఇటూ కొట్టుకొని 340 ÷ (2 × 0.5) = 340 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం నిలబడుతది. దాన్ని తగ్గించడానికి లోపల దూది, ఉన్ని, ఫోము లాంటివి పెడతరు. అమెరికాలో ఎడ్గర్ విల్చుర్ 1954లో చేసిన ఏఆర్-1 అనే బాక్సు గాలి పోకుండా పూర్తిగా మూసింది. లోపలి గాలే కోనుకు స్ప్రింగులాగ పనిచేస్తది. మన దగ్గర దూదికి కరువు లేదు. ఆదిలాబాద్ అంటేనే పత్తి.

కొన్ని బాక్సులకు ముందు గుండ్రని బొక్క ఉంటది. అది తెలిసి పెట్టినదే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘ఊ’ అని మోగుతది కదా, అదే సూత్రం. సీసాలో గాలి మోగినట్టు పెట్టెలో గాలి ఒక లావు స్వరం దగ్గర మోగి కోనుకు సాయం చేస్తది. ఆ బొక్కను గుడ్డతో మూయకూడదు. కానీ కీళ్ల సందులో గాలి పోతే అది దొంగ బొక్క. అక్కడ బుస్సుమంటది.

8. మేము చేసి చూసింది

ఒకే స్పీకరును నాలుగింటిలో పెట్టి విన్నం. అట్టపెట్టెలో మాట ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది. ఖాళీ నూనె డబ్బాలో ప్రతి మాట వెనక ‘ణంగ్’ మని రేకు మోగింది. మట్టి కుండలో లావుగా, ఊరింపుగా వచ్చింది గానీ అన్ని మాటలూ ఒకే స్వరంలో వచ్చినట్టనిపించింది. కుండ గోడ గట్టిదే, మోగింది లోపలి గాలి. దూది పెట్టినంక తగ్గింది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టెలో మాట మాట లాగ వచ్చింది.

మీరు కూడా బాక్సును ఇట్లా పరీక్ష చేయవచ్చు.

అ) వేలి కణుపుతో గోడ నడుమ కొట్టండి. ‘టక్’ అంటే మంచిది. ‘డంగ్’ అంటే మోగుతది.

ఆ) లావు స్వరం వస్తుండగా ప్రతి గోడ మీద అరచేయి పెట్టండి. ఎక్కడ ఎక్కువ అదురుతదో అక్కడ అడ్డకట్టె కావాలి.

ఇ) పై పలక మీద సన్నని ఎండు ఇసుక చల్లండి. బాగా ఊగే చోట ఇసుక ఎగిరి పక్కకు పోతది. జర్మనీ దేశపు శాస్త్రవేత్త ఎర్నెస్ట్ క్లాడ్నీ లోహపు పలకల మీద ఇసుకతో వచ్చే బొమ్మల గురించి 1787లో పుస్తకం రాశాడు.

ఈ) మూసిన బాక్సు కీళ్ల దగ్గర అగరుబత్తి పొగ పెట్టండి. పొగ అదిరితే అక్కడ సందు ఉన్నట్టు.

9. మన హాలు బాక్సు

మన హాలు బాక్సును సారు దగ్గరుండి, కరెంటు తీసేయించి, వెనక పలక విప్పించారు. పార్టికల్ బోర్డు పలుచగా ఉంది. అడ్డకట్టె లేదు. లోపల ఏమీ లేదు, ఖాళీ. వెనక రెండు స్క్రూలు ఊడిపోయినయి. వడ్లాయన వచ్చి రెండు పక్క గోడల నడుమ ఒక అడ్డకట్టె జిగురు పెట్టి బిగించాడు. స్క్రూలు వేసి, వెనక పలక అంచుకు ఫోము పట్టీ అతికించాడు. మేము పాత గుడ్డతో సంచులు కుట్టి, దూది నింపి, గోడలకు కొట్టించినం. స్పీకరు అయస్కాంతానికి, తీగలకు తగలకుండా పెట్టినం. అవి వేడెక్కుతయి కాబట్టి ఇది మరిచిపోవద్దు. ఆంప్లిఫయరు మీద బాస్ గుండీ కూడా తగ్గించినం. హాలు గోడలు ఉత్తవి కాబట్టి ప్రతిధ్వని ఇంకా ఉంది. దానికి వెనక గోడకు దుప్పట్లు కడితే కొంత తగ్గుతది.

ఇప్పుడు వెనక వరుసలో కూర్చున్న చెల్లెళ్లకు సోంబాయి ఎవరో, భీంబాయి ఎవరో తెలుస్తున్నది. వాల్యూము ముందటికన్నా తక్కువే పెట్టినం.

చెల్లెళ్లకు ఒక మాట. హాలులో చెప్పింది అర్థం కాకపోతే సిగ్గుపడి ఊకోకండి. ‘సార్, వినపడలేదు’ అని చెప్పండి. అక్కలు కూడా ‘తెలుగు రాదు’ అని నవ్వే ముందు ఒకసారి వెనక వరుసలో కూర్చొని విని చూడండి.

ప్రశ్నలు

1. 200 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం ఎంత?
2. 9 మిల్లీమీటర్ల పలక బదులు 18 మిల్లీమీటర్ల పలక పెడితే బిగువు ఎన్ని రెట్లు పెరుగుతది?
3. డోలు కట్టెకు, బాక్సు చెక్కకు ఉండాల్సిన గుణాల్లో తేడా ఏమిటి?
4. గుడి గంట బరువైనదే. దాని లోహంతో బాక్సు ఎందుకు చేయరు?

సమాధానాలు రాసి గోడపత్రిక కింద కట్టిన కవరులో వేయండి. వచ్చే నెల సరైనవి ఇక్కడ పెడతాము.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని